మూడు వారాల గడువు ఉన్నా వ్యాసం చివరి రెండు రాత్రుల్లోనే రాస్తున్నాను, ఏం చేయాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఒక్కో వ్యాసానికి మూడు వారాలు ఇస్తారు. మొదటి రోజు నుంచే కూర్చుంటారు. రెండున్నర వారాలు చదువుతారు, నోట్సు రాసుకుంటారు, ఆఖరి రెండు రాత్రులు నిద్ర మానుకుని 2,000 పదాలు పూర్తి చేస్తారు. తీరా మార్కులొచ్చాక చూస్తే, 'విషయ సేకరణ బాగుంది, వాదన కనబడటం లేదు' అని రాసి ఉంటుంది. ఇప్పుడు చేతిలో ఉన్న వ్యాసానికి ఇంకా తొమ్మిది రోజులుంది, టైమ్‌టేబుల్ ఎలా వేసుకోవాలో చెప్పమన్నారు.

చాలా ఏళ్లుగా విద్యార్థుల వ్యాసాలు దిద్దుతున్నదాన్ని కాబట్టి ఒక మాట గట్టిగా చెప్పగలను. మీరు పెడుతున్న గంటలు తక్కువేమీ కావు. కానీ 'ఈ వ్యాసంలో నేనేం చెప్పబోతున్నాను' అన్న నిర్ణయాన్ని ఆఖరి రాత్రి దాకా నెట్టుకుంటూ పోతున్నారు. వాదన లేదని వచ్చిన ఆ వ్యాఖ్యకీ, మీ నిద్రలేని రాత్రులకీ కారణం ఒక్కటే. నిర్ణయం మొదట్లోనే జరిగితే టైమ్‌టేబుల్ దాదాపు దానంతటదే కుదురుకుంటుంది. నిర్ణయం చివర్లోనే ఉంటే ఎంత అందమైన టైమ్‌టేబుల్ వేసినా రెండో వారంలో చిరిగిపోతుంది.

ముందు అంచనాల సంగతి. ఒక పనికి ఎన్నాళ్లు పడుతుందో మనిషి తక్కువగానే అంచనా వేస్తాడు. మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానెమన్, ఏమస్ ట్వెర్‌స్కీ 1979లో దీనికి 'ప్లానింగ్ ఫాలసీ' అని పేరు పెట్టారు. రోజర్ బ్యూలర్, డేల్ గ్రిఫిన్, మైకేల్ రాస్ 1994లో ప్రచురించిన అధ్యయనంలో థీసిస్ రాస్తున్న విద్యార్థులను ఎన్ని రోజుల్లో పూర్తిచేస్తారని అడిగారు. సగటున 34 రోజులన్నారు. అన్నీ ఎదురుతిరిగితే ఎన్నాళ్లు పట్టొచ్చని అడిగితే 49 రోజుల దాకా చెప్పారు. నిజంగా పట్టింది 55 రోజుల పైనే. అంటే వాళ్లు ఊహించిన గడ్డు పరిస్థితి కన్నా కూడా అసలు లెక్కే పెద్దది. తాము చెప్పిన తేదీకి పూర్తిచేసినవాళ్లు మూడో వంతు కూడా లేరు.

కాబట్టి 'ఈసారి త్వరగా అయిపోతుందిలే' అన్న భావాన్ని నమ్మకండి, మీ పాత వ్యాసాన్ని నమ్మండి. గూగుల్ డాక్స్‌లో రాసి ఉంటే వెర్షన్ హిస్టరీ తెరవండి. మొదటి పేరా ఏ రోజు మొదలైంది, ఎన్నిసార్లు తుడిచి రాశారు, రిఫరెన్సుల జాబితా సరిచేయడానికి ఎంతసేపు పట్టింది, అన్నీ గంటలతో సహా కనిపిస్తాయి. చాలామంది రిఫరెన్సులకు అరగంట అనుకుంటారు. హిస్టరీ చూస్తే మూడు గంటలు కనబడుతుంది. మీ తర్వాతి ప్రణాళికకు ఆధారం ఆ అంకెలే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మొదటి రెండు రోజుల్లో మీ చేతిలో ఉండాల్సింది ఒకే ఒక్క వాక్యం. ప్రశ్నకు మీ తాత్కాలిక జవాబు. తప్పైనా ఫరవాలేదు, తర్వాత మారినా ఫరవాలేదు, మారాలి కూడా. కానీ అది ఉండాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 'పాఠశాలల్లో మొబైల్ ఫోన్ల నిషేధం విద్యార్థుల చదువుకు మేలు చేస్తుందా? చర్చించండి' అని ప్రశ్న ఇచ్చారనుకోండి. చాలామంది నోట్సులో పైన 'మొబైల్ నిషేధం' అని శీర్షిక పెట్టి చదవడం మొదలుపెడతారు. అది అంశం మాత్రమే. అంశం పట్టుకుని చదివితే అంతు ఉండదు, ఎందుకంటే ఫోన్లకు సంబంధించిన ప్రతి పరిశోధనా పేపరూ పనికొచ్చేదిగానే అనిపిస్తుంది. దాని బదులు చదవకముందే, మీకు తెలిసినంతలో ఒక జవాబు రాయండి: 'ఫోన్లు లేకపోతే ధ్యాస చెదరదు కాబట్టి నిషేధం అందరికీ మేలు చేస్తుంది.' చాలా మామూలు వాక్యం. అయినా ఇప్పుడు దాన్ని పరీక్షకు పెట్టొచ్చు.

ఆ వాక్యం చేతిలో పెట్టుకుని బెలాండ్, మర్ఫీ 2016లో ప్రచురించిన పేపరు తెరిచారనుకోండి. ఇంగ్లండ్‌లోని నాలుగు నగరాల పాఠశాలలను పరిశీలించి, నిషేధం తర్వాత పరీక్షా ఫలితాలు మెరుగుపడ్డాయని వాళ్లు చెప్పారు. అయితే ఆ మెరుగుదల ప్రధానంగా చదువులో వెనకబడిన పిల్లల్లోనే కనిపించింది, బాగా చదివే పిల్లల్లో తేడా ఏమీ కనబడలేదు. మీ వాక్యంలో 'అందరికీ' అన్న ముక్క అక్కడికక్కడే పోయింది. కొట్టేసి రాస్తారు: 'నిషేధం వల్ల మేలు ప్రధానంగా వెనకబడిన విద్యార్థులకే.' తర్వాత 2020లో స్వీడన్ పాఠశాలల మీద వచ్చిన అధ్యయనం చదువుతారు. అక్కడ నిషేధం ప్రభావం మార్కుల్లో కనబడలేదు. మళ్లీ దిద్దుతారు: 'నిషేధం ఫలితం పిల్లల స్థాయి మీదా, ఆ దేశంలో బడులు నడిచే తీరు మీదా ఆధారపడుతుంది. అందుకే అన్నిచోట్లా ఒకే నియమం అన్న వాదన బలహీనం.'

చూశారా, రెండే పేపర్లు చదివాం. వాదన తయారైంది. వ్యాసానికి ఎముకలు కూడా వచ్చేశాయి: ఒక చోట వచ్చిన ఫలితం, ఇంకో చోట రాని ఫలితం, తేడాకు కారణాలు, దాన్నుంచి మనం తేల్చేది. ఇదే రెండు పేపర్లను 'మొబైల్ నిషేధం' అన్న శీర్షిక కింద చదివి ఉంటే 'ఫలానావారు ఇలా అన్నారు, ఫలానావారు అలా అన్నారు' అన్న రెండు పేరాలు మిగిలేవి. మీకొచ్చిన వ్యాఖ్య సరిగ్గా అటువంటి పేరాల గురించే.

ఇక పదాల లెక్క. పరిచయానికి సుమారు 200, ముగింపుకి 200 తీసేస్తే 2,000లో మిగిలేది 1,600. ఒక పాయింటును చెప్పి, ఆధారం చూపించి, దానికి ఎదురు మాట చెప్పి, దానికి జవాబిచ్చేసరికి 400 పదాలవుతాయి. అంటే మీ వ్యాసంలో నాలుగు పాయింట్లు పడతాయి. ఒక్కోదానికి రెండు మూడు ఆధారాలు చాలు. అంతా కలిపి పది, పన్నెండు పేపర్లు. నలభై పేపర్లు డౌన్‌లోడ్ చేసి ఫోల్డరులో పెట్టుకున్నప్పుడు పని జరిగినట్టే ఉంటుంది, కానీ అందులో ముప్ఫైకి మీ వ్యాసంలో చోటే లేదు. ఈ లెక్క చదవడం మొదలుపెట్టే ముందే వేసుకోండి. మార్కులు వేసే ప్రమాణాల పత్రం ఇచ్చి ఉంటే అదీ పక్కన పెట్టుకోండి. విశ్లేషణకు ఎక్కువ మార్కులు, నేపథ్యానికి తక్కువ మార్కులు ఉన్నప్పుడు నేపథ్యం మీద నాలుగు రోజులు పెట్టడం ఎంత నష్టమో ఆ పత్రమే చెబుతుంది.

పేపరు చేతికి రాగానే మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవకండి. సారాంశం, పరిచయం, ముగింపు చూడండి. పావుగంట చాలు. ఆ తర్వాత నోట్సులో ఒక్క వాక్యం: ఇది నా జవాబును బలపరుస్తోందా, కాదంటోందా, మారుస్తోందా? మూడింట్లో ఏదీ కాకపోతే పక్కన పెట్టేయండి, ఎంత గొప్ప పేపరైనా సరే. పూర్తిగా, పెన్సిలు పట్టుకుని చదవాల్సినవి నాలుగో ఐదో తేలతాయి. వాటికి మాత్రం సమయం ధారాళంగా ఇవ్వండి, అధ్యయనం ఎలా చేశారో చెప్పే పద్ధతుల భాగం కూడా వదలకండి. మంచి వాదన చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది, మీరు వెంటనే ఒప్పుకోకపోవచ్చు కూడా: చదవడం పూర్తి కాకముందే రాయడం మొదలుపెట్టండి. మూడు వారాల గడువైతే మొదటి వారం దాటేసరికి ఒక ముతక డ్రాఫ్టు ఉండి తీరాలి. 'ఇంకొంచెం చదివితే స్పష్టత వస్తుంది' అన్న ఆలోచన నిజాయితీగానే వస్తుంది, శ్రద్ధ ఉన్న విద్యార్థులకే ఎక్కువగా వస్తుంది కూడా. కానీ స్పష్టత చదివితే వచ్చేది కొంత, రాస్తే వచ్చేది ఎక్కువ. ఒక పేరా రాయడానికి కూర్చుని మూడో వాక్యం దగ్గర ఆగిపోయినప్పుడే మీకేది తెలియదో మీకు తెలుస్తుంది.

ఆ డ్రాఫ్టు ఎంత వికారంగా ఉన్నా ఫరవాలేదు. తెలియని చోట ఆగకుండా బ్రాకెట్లలో '[ఇక్కడ అంకె కావాలి]', '[స్వీడన్ పేపరులో దీనికి కారణం చెప్పారా? చూడాలి]' అని రాసి ముందుకు వెళ్లిపోండి. ఇంగ్లీషులో రాయాల్సిన వ్యాసమే అయినా, ఆలోచన తెలుగులో వేగంగా వస్తుంటే ఆ పూటకు తెలుగులోనే, లేదా రెండూ కలిపి రాసేయండి. ఏం చెప్పాలో వెతుక్కోవడం, ఇంగ్లీషు వాక్యం వెతుక్కోవడం ఒకేసారి చేస్తే రెండూ నెమ్మదిస్తాయి. పరిచయం పేరా జోలికి ఇప్పుడు పోవద్దు. ఇంకా రాయని వ్యాసాన్ని పరిచయం చేయలేం. మొదటి పేరాను ఆరుసార్లు తుడిచి రాసేవాళ్లు ఒక సాయంత్రమంతా పోగొట్టుకునేది అక్కడే.

డ్రాఫ్టు అయ్యాక బ్రాకెట్లన్నీ ఒక చోటికి తెచ్చుకోండి. మీ రెండో విడత చదువుకు జాబితా అదే. ఇప్పుడు లైబ్రరీలో కూర్చుంటే ఏం వెతుకుతున్నారో మీకు తెలుసు. ముందు మూడు రోజులు పట్టే పని ఒక రోజులో అవుతుంది.

రోజులో ఎంతసేపు, ఎలా కూర్చోవాలి అన్నది మనిషిని బట్టి ఉంటుంది, దీని మీద ఎక్కువ చెప్పను. ఫ్రాన్సెస్కో సిరిల్లో 1980ల చివర్లో రూపొందించిన పొమొడోరో పద్ధతి, అంటే 25 నిమిషాల పని, ఐదు నిమిషాల విరామం, చదవడానికీ రిఫరెన్సులు సర్దడానికీ చక్కగా పనికొస్తుంది. డ్రాఫ్టు రాసేటప్పుడు మాత్రం 25 నిమిషాలకు గంట మోగితే ఆలోచన తెగిపోతుంది, గంట, గంటన్నర ఒకే పట్టున కూర్చోవడం మేలని నా అభిప్రాయం. కానీ ఎప్పుడు, ఎక్కడ అన్నది ముందే తేల్చుకోవడం అందరికీ పనిచేస్తుంది. పీటర్ గోల్‌విట్జర్, వెరోనికా బ్రాండ్‌స్టేటర్ 1997లో ప్రచురించిన ఒక ప్రయోగంలో విద్యార్థులకు సెలవుల్లో ఒక చిన్న నివేదిక రాయమని పని ఇచ్చారు. ఎప్పుడు, ఎక్కడ కూర్చుని రాస్తారో ముందే రాసిచ్చినవాళ్లలో దాదాపు ముప్పావు వంతు మంది గడువులో పూర్తిచేశారు. అలా రాసివ్వనివాళ్లలో మూడో వంతే. 'ఈ వారం డ్రాఫ్టు రాయాలి' అనుకోవడం కన్నా 'మంగళవారం ఉదయం ఏడు నుంచి ఎనిమిదిన్నర, లైబ్రరీ రెండో అంతస్తు, స్వీడన్ పేరా' అని రాసుకోవడంలో ఉన్న బలం అది.

లేచే ముందు రెండు నిమిషాలు పెట్టి రేపటికి ఒక చీటీ రాసుకోండి. 'రేపు: రెండు దేశాల ఫలితాల్లో తేడా ఎందుకు? ఒక కారణం అమలు తీరు కావొచ్చు, ఆధారం వెతకాలి. రెండో కారణం ఇంకా తట్టలేదు, పేపరు చివరి భాగం చూడాలి.' ఇంతే. ఇది లేకపోతే మర్నాడు మొదటి అరగంట నిన్న ఎక్కడ ఆగామో వెతుక్కోవడానికే సరిపోతుంది. రోజూ అరగంట అంటే మూడు వారాల్లో పది గంటల పైమాటే.

'నేను చివరి ఒత్తిడిలోనే బాగా రాస్తాను' అని మీ ప్రశ్న కింద ఇంకొకరు రాశారు. నిజాయితీగానే అన్నారు, కానీ ఇది మనసు మనకు చెప్పే తియ్యటి మాట. డయాన్ టైస్, రాయ్ బౌమైస్టర్ 1997లో చేసిన అధ్యయనంలో పనులు వాయిదా వేసే విద్యార్థులకు టర్ము మొదట్లో ఒత్తిడి తక్కువగానే ఉంది. చివరికొచ్చేసరికి మిగతావాళ్ల కన్నా ఎక్కువైంది, మార్కులు కూడా తక్కువ వచ్చాయి. ఆఖరి రాత్రి వేగంగా రాయగలగడం నిజమే. రాసిందాన్ని తిరిగి చూసే అవకాశం ఆ రాత్రికి ఉండదు.

తిరిగి చూడటం గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే మార్కులు పెరిగేది ఇక్కడే, అందరూ కోత పెట్టేదీ ఇక్కడే. రెండో డ్రాఫ్టు అయ్యాక ఒక రోజు దాన్ని ముట్టుకోకండి. మర్నాడు ప్రతి పేరా పక్కన ఆ పేరా ఏం చెబుతోందో ఒక్క వాక్యంలో రాయండి. తర్వాత ఆ వాక్యాలను మాత్రమే వరసగా చదవండి. వాదన సాగుతోందా? రెండు పేరాలు ఒకే మాట చెబుతున్నాయా? ఏ పేరాకైనా వాక్యం రాయలేకపోయారా? రాయలేకపోతే ఆ పేరా తీసేయాల్సిందే. ఈ పని అయ్యాకే భాష దిద్దుకోండి. ముందే వాక్యాలకు మెరుగు పెడితే, తర్వాత కొట్టేయబోయే పేరాకు గంట ఖర్చు చేసినట్టే. పైగా అంత కష్టపడి మెరుగుపెట్టిన పేరాను తీసేయడానికి మనసొప్పదు, పనికిరాకపోయినా ఉంచేస్తాం. ఆఖర్న ఒకసారి పైకి చదవండి, లేదా వర్డ్‌లో ఉన్న రీడ్ అలౌడ్ పెట్టుకుని వినండి. కన్ను దాటేసే తప్పులు చెవికి దొరుకుతాయి.

రిఫరెన్సులు చివర్లో చేసే పని అనుకోకండి. రిఫరెన్సులను దాచి సర్దిపెట్టే సాఫ్ట్‌వేర్ జోటెరో ఉచితం, 2006 నుంచీ ఉంది. పేపరు తెరిచినప్పుడే అందులోకి ఎక్కించండి. ఎవరి వాక్యమైనా నోట్సులోకి తీసుకుంటే ఆ క్షణమే కొటేషన్ గుర్తులు, పేజీ నంబరు పెట్టండి. రెండు వారాల తర్వాత ఆ వాక్యం మీదో వాళ్లదో మీకే గుర్తుండదు, కాపీ కొట్టారన్న చిక్కు చాలామందికి ఇలాగే, దురుద్దేశం ఏమీ లేకుండానే వస్తుంది. ఏఐ పరికరం ఏదైనా రిఫరెన్సు ఇస్తే ఆ పేపరు నిజంగా తెరిచి చూడకుండా వాడకండి, లేని పేపర్లను ఉన్నట్టు చూపించడం వాటికి అలవాటు. మీ సంస్థలో టర్నిటిన్, అంటే మీ రాత వేరేవాళ్ల రాతతో ఎంత కలుస్తోందో చూపే సాఫ్ట్‌వేర్, వాడుతుంటే ఇంకో సంగతి: మూడుసార్ల కన్నా ఎక్కువగా మళ్లీ సమర్పిస్తే, తర్వాతి సిమిలారిటీ రిపోర్టు రావడానికి 24 గంటలు పడుతుంది. గడువు రోజు సాయంత్రం ఇది తెలిస్తే చేయగలిగిందేమీ ఉండదు.

ఒకే వారంలో రెండు మూడు వ్యాసాలు పడితే ఒకటి పూర్తిచేసి ఇంకోటి మొదలుపెట్టకండి. అన్నిటికీ మొదటి రెండు రోజుల పని, అంటే తాత్కాలిక జవాబు, పదాల లెక్క, ముందే చేసేయండి. అప్పుడు మనసులో అన్నీ నానుతుంటాయి. డ్రాఫ్టులు మాత్రం ఒక్కొక్కటిగా రాయండి. జ్వరమో, ఇంట్లో అవసరమో వచ్చి గడువు పొడిగించమని అడగాల్సి వస్తే తెలిసిన రోజే అడగండి. ఆఖరి రాత్రి పంపిన మెయిలుకు ఎవరైనా చేయగలిగింది తక్కువ.

ఇప్పుడు మీ తొమ్మిది రోజులు. పన్నెండు రోజులుగా చదువుతున్నారంటే సరుకు కావాల్సినంత ఉంది, కాబట్టి ఇవాళ్టితో కొత్త పేపర్లు ఆపేయండి. ఈ రాత్రికి నోట్సు మూసేసి, ప్రశ్నకు మీ జవాబు ఒక వాక్యంలో రాయండి. రేపు దాని కింద నాలుగు పాయింట్లు, ఒక్కోదానికి మీ దగ్గరున్న ఆధారాలు. తర్వాత రెండు రోజుల్లో ముతక డ్రాఫ్టు, ఎంత వికారంగా వచ్చినా సరే. నాలుగో రోజు బ్రాకెట్లు పూరించడానికి మాత్రమే చదవండి. ఐదు, ఆరు రోజుల్లో రెండో డ్రాఫ్టు, పరిచయంతో సహా. ఏడో రోజు వదిలేయండి, ఆ రోజు ఇంకో సబ్జెక్టు చూసుకోండి. ఎనిమిదో రోజు పేరా పక్కన వాక్యాలు, భాష, రిఫరెన్సులు. గడువుకు ఒక పూట ముందే సమర్పించండి. మధ్యలో ఒక రోజు పోయి లెక్క తప్పితే ఏడో రోజునీ ఎనిమిదో రోజునీ కోయకండి, నాలుగో పాయింటును కోసేసి ఆ 400 పదాలను మిగతా మూడింటికి పంచండి. బాగా వాదించిన మూడు పాయింట్ల వ్యాసానికి, హడావిడిగా ముగించిన నాలుగు పాయింట్ల వ్యాసం కన్నా ఎక్కువ మార్కులు ఇవ్వడానికి నేను ఎప్పుడూ వెనకాడలేదు.